తొక్కించి చూసి గడ్డిని ఎంచుకోవడం ఎలా?

వానలు పడగానే ఎవరో ఒక దాత ముందుకొస్తారు, బడి మైదానంలో గడ్డి పరిపిస్తారు. రెండు నెలలు కన్నులపండువగా ఉంటుంది. దసరా సెలవులు అయ్యేసరికి గోల్ ముందు, బౌలరు పరుగెత్తే దారిలో నేల బయటపడుతుంది. సంక్రాంతికి అక్కడంతా దుమ్మే. నేను పనిచేసిన బడిలోనూ ఇదే జరిగింది. నర్సరీలో చూసి, పచ్చగా ఒత్తుగా ఉందని తెచ్చుకున్న గడ్డి అది. నర్సరీలో దాని మీద ఎవరూ పరుగెత్తలేదు. మేం చూసి ఎంచుకున్నాం, తొక్కి ఎంచుకోలేదు.

ఆటస్థలాల గడ్డి మీద పరిశోధన చేసే విశ్వవిద్యాలయాలు చేసే ముఖ్యమైన పని ఆ తొక్కడమే. పది రకాలు పక్కపక్కనే పెంచుతారు, అన్నింటినీ ఒకే లెక్కన తొక్కిస్తారు, ఏది నిలిచింది, ఏది తిరిగి లేచింది అని కొలుస్తారు. ఈ పద్ధతిని ఏడు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు జాగాలో ఒక పీఈటీ సారు, పదిమంది పిల్లలు కలిసి చేసుకోవచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు గరికను తెలుసుకోండి

వినాయక చవితికి మనం పత్రిలో కోసుకొచ్చే గరికే ప్రపంచంలో వేడి ప్రాంతాల ఆటస్థలాలకు మూలం. అమెరికాలో దీన్ని బెర్ముడా గడ్డి అంటారు. జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే చిన్న ఊళ్లోని పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1936 నుంచి పనిచేశాడు. మామూలు గరికకు దక్షిణాఫ్రికాకు చెందిన సన్న గరిక కలిస్తే పుట్టే సంకర రకాలను ఆయన మైదానాలకు అందించాడు. 1960లో విడుదలైన టిఫ్‌వే వాటిలో బాగా పేరు పడింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన విత్తనాల్లో దానంతటదే సంకరమై మొలిచిన మొక్క అది. ఆయన కళ్లు దాన్ని పట్టుకున్నాయి. ఆ పేర్ల ముందు కనిపించే 'టిఫ్' ఆ ఊరి పేరే.

బర్టన్ సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఏ అనే సజ్జ వంగడమే తల్లిగా 1965లో మన దేశపు మొదటి సంకర సజ్జ హెచ్‌బీ-1 వచ్చింది. టిఫ్టన్‌కూ మన మెట్ట పొలాలకూ అంత దగ్గరి చుట్టరికం ఉంది.

సంకర గరిక గురించి ఒక సంగతి కొనేముందే తెలియాలి. మామూలు గరికలో క్రోమోజోములు 36, సన్న గరికలో 18. రెండూ కలిసిన మొక్కలో 27 ఉంటాయి. అవి జతలుగా విడిపోలేవు కాబట్టి దానికి విత్తనం పట్టదు. కణుపులున్న తీగ ముక్కలు నాటుకోవాలి, లేదా వేరుతో సహా తవ్విన పలకలు పరచుకోవాలి. టిఫ్‌వే విత్తనాలని ఎవరైనా పొట్లం అమ్మితే కొనకండి. లోపల ఉన్నది మరేదో గడ్డి.

మూడు రకాలు తెచ్చుకోండి

మూడుకు మించి వద్దు, మొదటిసారి పని చెయ్యి దాటిపోతుంది. ఒకటి మీ ఊరి గరిక. ఎక్కడిదో కాదు, ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ తిరిగే బాట పక్కన బతికి ఉన్నదాన్నే తవ్వుకు రండి. ఏళ్ల తరబడి చక్రాల కింద నలిగి నిలిచింది కదా, సగం పరీక్ష అప్పటికే నెగ్గింది. రెండోది నర్సరీల్లో 'సెలక్షన్ వన్' పేరుతో దొరికే గరిక రకం. మూడోది జోయ్‌సియా జాతి గడ్డి. దీన్ని కొన్నిచోట్ల కొరియన్ గ్రాస్ అని అమ్ముతారు. కడియం వైపు వెళ్లేవాళ్లుంటే అక్కడి నర్సరీల్లో అడగండి. ఏ గడ్డి ఎక్కడిదో, ఏ రోజు తెచ్చారో నోటుబుక్కులో రాసుకోండి. పేరు కంటే తెచ్చిన చోటే నమ్మకమైన గుర్తు.

మడులు వేయడం

రోజంతా ఎండ పడే చోటు కావాలి. గరికకు నీడ గిట్టదు, వేపచెట్టు కింద పరీక్ష పెడితే ఏ రకమైనా ఓడిపోతుంది. వాన నీళ్లు నిలవకుండా కొంచెం వాలు ఉండాలి. వీలైతే మట్టిని దగ్గర్లోని భూసార పరీక్ష కేంద్రానికి పంపండి.

అసలు కష్టం పాత గడ్డిని తీయడంలో ఉంది. ఆ నేలలో ముందే ఉన్న గరిక తీగ ఒక్కటి మిగిలినా కొత్త మడిలో లేస్తుంది. అప్పుడు మీరు కొలిచేది ఏ గడ్డినో మీకే తెలియదు. జానెడు లోతు తవ్వి వేళ్లు ఏరండి. తర్వాత తడిపి పది రోజులు వదిలేయండి. మొలిచిన తుంగ, గరిక మళ్లీ పీకండి. ఇంకోసారి తడిపి, ఇంకోసారి పీకండి. ఈ రెండు తడుపులూ మేలో అయిపోతే తొలకరికి నేల సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు తాడు, మేకులు తీసుకుని తొమ్మిది మడులు గుర్తుపెట్టండి. ఒక్కోటి 2 మీటర్లు × 2 మీటర్లు, మధ్యలో అర మీటరు బాట. మూడు వరుసలు, వరుసకు మూడు మడులు. ప్రతి వరుసలోనూ మూడు రకాలూ ఒక్కోసారి రావాలి. ఏది ఎక్కడ అన్నది మీరు నిర్ణయించకండి, చీట్లు వేసి పిల్లల చేత తీయించండి. వరుస వరుసకూ విడిగా తీయించాలి.

ఇంత తతంగం ఎందుకని మా పిల్లలూ అడిగారు. నేల అంతా ఒకేలా ఉండదు. ఒక మూల గులకరాళ్లు, ఒక మూల కుళాయి తడి. ఒక్కో రకం ఒక్క మడిలోనే వేస్తే, గెలిచింది గడ్డో కుళాయో చెప్పలేం. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ ఈ పద్ధతికి లెక్క ఏర్పరిచాడు. పొలంలో పెట్టే పరీక్షలు నేటికీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

నాటడం, పెంచడం

జూన్ మధ్యలో మంచి వాన పడ్డాక నాటండి. రెండు మూడు కణుపులున్న తీగ ముక్కలు చాలు. నాలుగంగుళాలకు ఒకటి చొప్పున, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా నాటి కాలితో అదమండి. కోసిన తీగను ఎండలో పెట్టకండి. తడి గోనెసంచిలో చుట్టి, ఆ పూటే నాటేయాలి. మొదటి రెండు వారాలు వాన లేని రోజుల్లో పొద్దున, సాయంత్రం పలచగా తడపాలి.

తర్వాత ఒకటే నియమం. ఒక మడికి ఏం చేస్తే తొమ్మిదింటికీ అదే చేయాలి. యూరియా వేస్తే నెలకు మడికి 40 గ్రాములు తూకం వేసి చల్లి, వెంటనే నీళ్లు పెట్టండి. గడ్డి మూడంగుళాలు దాటనివ్వకండి. కోసినప్పుడల్లా ఎత్తులో మూడో వంతుకు మించి తీయవద్దు. పదిహేను రోజులకొకసారి బాటల్లోకి పాకిన తీగలను పారతో కోసేయండి, లేకపోతే ఒక రకం పక్క మడిలో కాపురం పెడుతుంది.

తొక్కించడం

ఇదే పరీక్షకు ప్రాణం. మడులు పూర్తిగా కమ్ముకునే దాకా, అంటే దాదాపు సెప్టెంబరు మొదటి వారం దాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి. జోయ్‌సియా మెల్లగా కమ్ముకుంటుంది. అది వెనకబడిందని చిన్నబుచ్చకండి, ఆ సంగతి కూడా రాసుకోండి.

విశ్వవిద్యాలయాల్లో ఈ పనికి యంత్రాలున్నాయి. బ్రింక్‌మన్ యంత్రంలో బూటు మేకులు దిగేసిన రెండు రోలర్లుంటాయి. రెండూ వేర్వేరు వేగాలతో తిరుగుతాయి కాబట్టి మేకులు గడ్డిని నొక్కడమే కాకుండా ఈడుస్తాయి. ఆ ఈడ్పే ముఖ్యం. గడ్డిని చంపేది బరువు ఒక్కటే కాదు, ఆటగాడు ఆగి గిరుక్కున తిరిగినప్పుడు మడమ కింద పడే చీలిక. అందుకే ఉత్తి రోడ్డు రోలరు తిప్పితే మీకు సగం నిజమే తెలుస్తుంది.

మనకు పిల్లలున్నారు. ప్రతి మడినీ తాడుతో రెండు సగాలు చేయండి. ఒక సగం తొక్కుడుకు, రెండోది ముట్టుకోకుండా పోల్చుకోవడానికి. వరుసలోని మూడు మడుల తొక్కుడు సగాలూ ఒకే గీతలో ఉండేలా చూస్తే పిల్లవాడు ఒక్క పరుగులో మూడు రకాలనూ తొక్కుతాడు. ప్రతి మడిలో ఒకసారి ఆగాలి, ఒకసారి వెనక్కి తిరిగి మళ్లీ ముందుకు తిరగాలి. వారానికి మూడు రోజులు, రోజుకు వరుసకు 30 పరుగులు, ఆరు వారాలు. మధ్యలో పిల్లవాణ్ని మార్చకండి. ఒక పరుగు మొదలుపెట్టినవాడే చివరిదాకా వెళ్లాలి. లేకపోతే బరువైన కాళ్లు ఒక గడ్డికి, తేలిక కాళ్లు ఇంకో గడ్డికి పడతాయి. స్టడ్స్ బూట్లు ఉన్నవాళ్లుంటే మంచిది. మీ మైదానంలో అందరూ వట్టికాళ్లతోనే ఆడేట్టయితే వట్టికాళ్లతోనే పరుగెత్తించి, లెక్క రెట్టింపు చేయండి.

వాన పడిన రోజు మానేయవద్దు. మ్యాచ్ ఆగదు కదా. తడి నేల మీద జరిగే నష్టమే మైదానానికి ఎక్కువ.

కొలవడం

కంటికి ఆనింది రాయకండి, లెక్కపెట్టి రాయండి. అర మీటరు చతురస్రం చెక్క ఫ్రేము ఒకటి చేయించి, అటు పది దారాలు, ఇటు పది దారాలు కట్టండి. దారాలు కలిసే చోట్లు నూరు వస్తాయి. ఫ్రేమును మడి మీద పెట్టి, ఒక్కో కలయిక కింద ఏముందో నిటారుగా చూడాలి. పచ్చటి ఆకు ఉంటే ఒకటి. మట్టి, ఎండిన తీగ ఉంటే సున్నా. నూరింటిలో 63 వస్తే ఆ సగం మడిలో పచ్చదనం 63 శాతం. ఇద్దరు పిల్లలు ఒకరు చెప్పిందొకరు వినకుండా విడివిడిగా లెక్కపెట్టాలి. తేడా ఐదు దాటితే మళ్లీ లెక్క.

ఆర్కాన్సా విశ్వవిద్యాలయంవాళ్లు 2001లోనే ఫొటోలో పచ్చ చుక్కలు లెక్కపెట్టే పద్ధతిని ప్రచురించారు. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన కెనోపియో అనే యాప్ ఫోనుతోనే ఆ పని చేస్తుంది. ఫోను వాడినా సరే, మొదటి నెల దారాల ఫ్రేము కూడా పెట్టండి. లెక్కపెట్టేటప్పుడు పిల్లలు వంగి చూస్తారు. ఏ ఆకు చిరిగింది, ఏది నలిగినా లేస్తోంది అన్నది వంగితేనే కనిపిస్తుంది.

వారానికొకసారి, తొక్కుడు అయిన మర్నాడు కొలవండి. నేల గట్టిదనం కోసం ఒక పొడవాటి స్క్రూడ్రైవరును ఒకే పిల్లవాడి చేత ఒకే బలంతో గుచ్చించి, ఎంత లోతు దిగిందో రాయండి. తడి ఆరిన రోజున, ప్రతిసారీ అదే సమయంలో చేయాలి. దీనికి శాస్త్రవేత్తల దగ్గర 2.25 కిలోల బరువును పైనుంచి వదిలి కొలిచే క్లెగ్ సుత్తి ఉంది. స్క్రూడ్రైవరు దానికి సాటి కాదు గానీ, నేల బిగుసుకుపోతోందని ముందే హెచ్చరిస్తుంది. నేల బిగిస్తే వేరుకు గాలి అందదు, అప్పుడు ఎంత మొండి గడ్డి అయినా పలచబడుతుంది.

కోలుకోవడం చూడండి

అక్టోబరు మధ్యలో తొక్కుడు ఆపేసి నాలుగు వారాలు కొలత మాత్రం సాగించండి. చాలామంది ఇక్కడే పరీక్ష ముగించేస్తారు. అసలు సమాధానం ఈ నాలుగు వారాల్లోనే వస్తుంది.

మా బడిలో తొక్కుడు ముగిసిన రోజు ఊరి గరిక మడి చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. సగానికి పైగా మట్టే. వాచ్‌మన్ తాత పలుగు తెచ్చి ఆ మట్టిలో ఒక పెళ్ల లేపాడు. కింద పిల్లల చిటికెనవేలిలో సగం లావున తెల్లటి దుంపతీగలు, వాటి కణుపుల దగ్గర ముళ్లలాంటి మొనలు. "ఇది చావలేదు సారూ, పడుకుంది" అన్నాడు. మూడో వారానికి ఆ మొనలన్నీ పచ్చగా పైకొచ్చాయి. గరిక నేల మీదా పాకుతుంది, నేల కిందా పాకుతుంది. పైన నలిగినా కిందిది తిరిగి లేపుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక రకం 92 నుంచి 48కి పడి, నాలుగు వారాల్లో 85కి లేచిందనుకుందాం. ఇంకోటి 95 నుంచి 66కే తగ్గింది, కానీ నాలుగు వారాల తర్వాత 70 దగ్గరే ఉంది. ఏది మేలు? శనివారం మ్యాచ్ ఆడి మిగతా రోజులు గోల్ స్తంభాలు పక్కకు జరపగలిగే బడికి మొదటిది. రోజూ అదే చోట ఆడక తప్పని బడికి రెండోది. సాధారణంగా గరిక మొదటి దారిలో, జోయ్‌సియా రెండో దారిలో నడుస్తాయి. బడి మైదానానికి నా మొగ్గు కోలుకునే గడ్డి వైపే, ఎందుకంటే మనకు సెలవులున్నాయి, ఆ సెలవులు గడ్డికీ సెలవులే.

ఒక్క జాగ్రత్త. ఒకే రకం మూడు మడుల్లో 50, 58, 65 అని వచ్చిందంటే ఆ రకానికే తనలో 15 తేడా ఉంది. అలాంటప్పుడు రెండు రకాల సగటుల మధ్య 4 తేడా వచ్చిందని గెలుపు చాటకండి.

ఎండకు పెట్టండి

మార్చిలో మూడు వారాలు నీళ్లు పూర్తిగా ఆపి, ముట్టుకోని సగాల్లో పచ్చదనం కొలవండి, తర్వాత నీళ్లిచ్చి ఎన్ని రోజుల్లో లేస్తుందో చూడండి. జార్జియా విశ్వవిద్యాలయం 2014లో విడుదల చేసిన టిఫ్‌టఫ్ ఇలా నీటి కరువులో నిలబెట్టి ఏరిన రకమే. వేల మొక్కల్లోంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి వడపోశారు. బోరు ఎండిపోయే ఊళ్లలో తొక్కుడు పరీక్ష కంటే ఈ మూడు వారాలే తీర్పు చెప్పవచ్చు.

ఏప్రిల్లో నోటుబుక్కు ముందు పెట్టుకుని రకం తేల్చండి. మైదానం మొత్తం ఒకేసారి నాటాలని చూడకండి. గోల్ ముందు, బౌలరు దారి, అంతే. మిగతా చోట మామూలు గరిక హాయిగా బతుకుతుంది. గెలిచిన మడిలో ఒక చదరపు మీటరు తవ్వి తీగలు విడదీస్తే పది చదరపు మీటర్లకు సరిపోతాయి. మిగిలిన మడిని దున్నకండి, కంచె వేసి నారుమడిగా ఉంచండి. గోల్ ముందు గుంత పడినప్పుడల్లా అందులోంచి పలక ఒకటి కోసి, అదే రోజు సాయంత్రం అతికించి నీళ్లు పెట్టండి.