ఫీజు కట్టకపోతే అది చదువు కాదా?

‘ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం ఎవరిస్తారండీ?’ డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. అడిగినవాళ్లే ఫుల్ స్టాక్ కోర్సుకు లక్ష రూపాయలంటే అప్పు చేసైనా కట్టేస్తారు. డబ్బు పోస్తేనే చదువు వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో అంతగా పాతుకుపోయింది. వెబ్‌సైట్లు తయారు చేసే పని విషయంలో అది శుద్ధ తప్పు.

ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. దాని మొదటి వెర్షన్ 2003 మే 27న వచ్చింది. అమెరికాలో కాలేజీలో చదువుతున్న మాట్ ములెన్‌వెగ్, బ్రిటన్‌లోని మైక్ లిటిల్ కలిసి, పని ఆగిపోయిన బీ2 అనే ప్రోగ్రామ్‌ను తీసుకుని దాన్ని తయారు చేశారు. అలా తీసుకుని మార్చే హక్కు వాళ్లకు జీపీఎల్ లైసెన్సు ఇచ్చింది. ఈ లైసెన్సున్న సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ చదవవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. ద్రూపల్, జూమ్లా, తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ ఇదే కోవకు చెందినవి. పెద్ద సంస్థలు వాడే సరుకునే మన ఊళ్లో, మన పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుని లోపలంతా చూడవచ్చు. విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

అర్హత సంగతి ఒక్క ముక్కలో: ఇంటర్ అయినా, బీఏ అయినా, బీకాం అయినా పర్వాలేదు, చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్, రోజూ రెండు గంటల ఓపిక ఉంటే చాలు.

అలాగని డిగ్రీ మానేయమని కాదు. ములెన్‌వెగ్ కాలేజీ మధ్యలో వదిలేశాడని యూట్యూబ్‌లో ఊదరగొడతారు. ద్రూపల్‌ను తయారు చేసిన డ్రీస్ బైటార్ట్ పీహెచ్‌డీ దాకా చదివాడన్నది మాత్రం ఎవరూ చెప్పరు. డిగ్రీ పూర్తి చేయండి, పక్కన ఈ పని నేర్చుకోండి.

గ్యారంటీ మాటల వెనక

‘100 శాతం జాబ్ గ్యారంటీ’ బోర్డు కనిపించగానే పర్సు గట్టిగా పట్టుకోండి. ఫీజును ‘సులభ వాయిదాలు’ అని చెప్పి సంతకం పెట్టించే కాగితం చాలాసార్లు ఏదో ఫైనాన్స్ సంస్థ ఇచ్చే అప్పు పత్రం. డబ్బు ఇన్‌స్టిట్యూట్‌కు ముందే చేరిపోతుంది. రెండో నెలలో క్లాసులు నచ్చక మీరు మానేసినా ఈఎంఐ ఆగదు. కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోయి, రేపు విద్యారుణానికో ఇంటి రుణానికో వెళ్లినప్పుడు అడ్డం తగులుతుంది. సంతకానికి ముందు ఆ కాగితం మీద అప్పు ఇచ్చేవారి పేరుందేమో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.

ఇంకో రకం వాళ్లు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తారు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. దొరికితే ఉద్యోగం పోతుంది, మచ్చ మిగులుతుంది. తక్కువ ఫీజుతో చక్కగా చెప్పే మాస్టార్లు అమీర్‌పేటలోనూ ఉన్నారు. నచ్చితే వాళ్ల దగ్గర చేరండి, కానీ ఒక నెల సొంతంగా ప్రయత్నించాకే. ఆ నెలలో అసలు మీకు ఈ పని ఇష్టమో కాదో తేలిపోతుంది. ఇష్టం లేని పిల్లవాణ్ని ‘పక్కింటి అబ్బాయికి ప్యాకేజీ వచ్చింది’ అని ఇందులోకి తోయడం కన్నా అన్యాయం లేదు. ఇది కూర్చుని, విసుక్కోకుండా తప్పులు వెతకాల్సిన పని. ఆ స్వభావం కొట్టినా తిట్టినా రాదు.

‘నిద్రలోనూ ఆదాయం’ అనే మాయ

రెండో ఉచ్చు ఈ గ్యారంటీ కోర్సులకు పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. సైట్ పెట్టు, ప్రకటనలు పెట్టు, డబ్బు అదే వస్తుంది అంటారు. తెలుగు సైట్లకు 2018 నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ వీలుంది, నిజమే. అయితే పాఠకులు రాని సైటుకు ప్రకటనల డబ్బూ రాదు. ఏఐతో వందల వ్యాసాలు వండి పోసే సైట్లను వెతుకులాట ఫలితాల్లో కిందికి తోసేలా గూగుల్ 2024 మార్చిలో నియమాలు బిగించింది. చెప్పడానికి సొంతంగా విషయం ఉన్నవాళ్లు సైట్ పెట్టుకోవాలి: సాగు, పరీక్షల తయారీ, ఊరి చరిత్ర, వంట, ఏదైనా సరే. ఏ విషయమూ లేకుండా ఆదాయం కోసమే మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి డొమైన్ రెన్యూవల్ బిల్లు ఒక్కటే మిగులుతుంది.

ఏం నేర్చుకోవాలి?

ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్. వర్డ్‌ప్రెస్‌ను మీ కంప్యూటర్‌లోనే ఎక్స్‌ఏఎంపీపీ (XAMPP) సాయంతో వేసుకుని నడపడం తర్వాత. దాని వెనకే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, కొంత జావాస్క్రిప్ట్, గిట్. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో పీహెచ్‌పీ, ద్రూపల్, లైనక్స్ పాఠాలు ఉచితం. కొన్ని పాఠాలు తెలుగు మాటలతోనూ దొరుకుతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ చుట్టూ చేరితే తోటివాళ్లు దొరుకుతారు. పేజ్ బిల్డర్‌లో బొమ్మలు లాగి అతికించడం దగ్గరే ఆగిపోతే కష్టం. ఆ పని ఇప్పుడు ఏఐ నిమిషాల్లో చేసి పెడుతోంది.

తెలుగు తెలిసినవాడికి ఇక్కడే ఒక పై చేయి ఉంది. ఇంగ్లిష్ కోసం తయారైన థీమ్‌లో తెలుగు శీర్షిక పెట్టి చూడండి. రెండు వరుసలైతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. సీఎస్‌ఎస్‌లో లైన్ హైట్ 1.2 ఉన్నచోట 1.6 చేస్తే సర్దుకుంటుంది. పోస్ట్ లింకులో తెలుగు అక్షరాలుంటే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులు, అంకెలు కలిసిన పెద్ద తోకలా మారుతుంది. ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో లింకు పేరుకు 200 గుర్తులే చోటు కాబట్టి పొడుగాటి తెలుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. పోస్ట్ ప్రచురించే ముందే లింకును చిన్న ఇంగ్లిష్ మాటలకు మార్చడం తెలిసినవాడు పత్రికకూ, ప్రచురణకర్తకూ పనికొస్తాడు. డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే ఫాంట్లలో పడి ఉన్న పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి సైటుకెక్కించడం మరో పని. మార్చాక వత్తులు తారుమారైన చోట్లు కూర్చుని దిద్దగలిగేది తెలుగు బాగా చదివినవాడే. బీఏ తెలుగు పిల్లలు తమకు సాఫ్ట్‌వేర్‌లో చోటు లేదని ఎందుకు అనుకోవాలో నాకు అర్థం కాదు.

సంపాదన, నిజాయితీ

మొదటి ఏడాది జీతాలు చిన్నవే. పెద్ద ప్యాకేజీ ఒక్కటే లక్ష్యమైతే ఇది మీ దారి కాదు. సపోర్ట్ ఉద్యోగంతోనో, ఊళ్లోని స్కూలు, హోటల్, బట్టల షాపు సైట్లతోనో మొదలవుతుంది. వూకామర్స్‌తో ఆన్‌లైన్ దుకాణాలు, సొంత ప్లగిన్లు, విదేశీ ఏజెన్సీల పని మెల్లగా వస్తాయి. స్థిరమైన ఆదాయం ఏటా నిర్వహణకు తీసుకునే రుసుములో ఉంటుంది: అప్‌డేట్లు, బ్యాకప్‌లు, భద్రత. రెండు వేలకు సైట్ చేసి జీవితాంతం ఉచిత సేవ చేస్తానని ఒప్పుకోకండి.

రెండు నియమాలు మాత్రం తప్పకండి. డొమైన్ ఎప్పుడూ యజమాని పేరుతో, ఆయన ఈమెయిల్‌తోనే కొనండి. మీ పేరుతో పెట్టుకుని తర్వాత బేరమాడటం మోసమే. డబ్బిచ్చి కొనాల్సిన థీమ్‌లను ‘నల్డ్’ పేరుతో పంచే చోట్ల నుంచి దించకండి. వాటిలో దొంగకోడ్ ఉండే ప్రమాదం ఎక్కువ, సైట్ హ్యాక్ అయితే పోయేది మీ పేరే.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ముందు చూసేది మీరు చేసిన పని. నడుస్తున్న మూడు సైట్లు, గిట్‌హబ్‌లో కొంత కోడ్, వీలైతే వర్డ్‌ప్రెస్‌ను తెలుగులోకి అనువదించేవారితో కలిసి చేసిన కొంత పని ఉంటే చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆ లక్ష రూపాయలు బ్యాంకులోనే ఉంచండి. అందులోంచి డొమైన్‌కు, హోస్టింగ్‌కు ఏడాదికి కొన్ని వేలు, అవసరమైతే ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు డబ్బు ఇవ్వండి. ఆరు నెలలు ఎవరితోనూ పోల్చకుండా వదిలేయండి. ఆరు నెలల తర్వాత మార్కులు అడగొద్దు, ‘నువ్వు చేసిన సైట్ చూపించు’ అని అడగండి. చూపిస్తే ముందుకు పంపండి. చూపించలేకపోతే తిట్టకుండా వేరే దారి వెతకండి, డబ్బు ఎలాగూ మీ దగ్గరే ఉంది.