సిపాయిల ఉత్తరాల్లో నల్ల మిరియాలు

మొదటి ప్రపంచయుద్ధంలో భారత సైనిక దళాలు 1914 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. 1915 మార్చి నాటికే సిపాయిలు వారానికి పదివేల నుంచి ఇరవైవేల ఉత్తరాలు రాసేవారు. రాసేవారంటే, చాలామంది రాయించేవారనాలి. చదువురాని సిపాయి చెబుతుంటే తోటివాడో లేఖకుడో కాగితం మీద పెట్టేవాడు. ఊళ్లో మరెవరో ఇంటివాళ్లకు చదివి వినిపించేవారు. భార్యకు చెప్పాలనుకున్న మాట ఇన్ని చెవులు దాటి వెళ్లాలి!

ఆ మధ్యలో సెన్సార్ ఒకటి. బ్రిటిష్ పాలనను ఎదిరించిన గదర్ పార్టీ రాతలు సైన్యంలోకి చేరతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఫ్రాన్స్‌లోని బొలోన్‌లో తనిఖీ కార్యాలయం నడిపింది. దాని అధిపతి ఈవ్‌లిన్ హొవెల్. సిపాయిలు ఊరుకోలేదు, సంకేతభాష అల్లారు: నల్ల మిరియాలంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. నల్లవి అయిపోవస్తున్నాయని రాస్తే ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేది. అధికారులూ పసిగట్టారనుకోండి.

గాయపడినవారికి ఇంగ్లండ్‌లో బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్‌ను ఆసుపత్రిగా మార్చారు; అక్కడి నుంచీ ఉత్తరాలు వెళ్లేవి. అయితే అసలు ఉత్తరాలు చాలావరకు మిగల్లేదు. సెన్సార్ అధికారులు ఆంగ్లంలోకి అనువదించిన భాగాలే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్నిటిని చరిత్రకారుడు డేవిడ్ ఒమిసీ 1999లో పుస్తకంగా సంకలనం చేశారు.