ఇంజను కంప్యూటర్ పట్టికలు: ఒక తులనాత్మక పరిశీలన

పాత కారునకు వేగము హెచ్చింపగోరు యువకులు "ఏ కంప్యూటర్ మేలైనది?" అని మొదట అడుగుట పరిపాటి. అంతకన్న ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: ఏ కంప్యూటర్ ఏ పరికరముల కొరకు సిద్ధపరుపబడినది? ఈ విషయమును ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు ఫోర్డ్ ముస్టాంగ్ 5.0 ఉదాహరణగా పరిశీలింతము.

ఇంజను కంప్యూటర్ ముఖ్యముగా రెండు పనులు చేయును. సిలిండరునకు ఎంత పెట్రోలు ఈయవలెనో, ఏ క్షణమున స్పార్క్ వెలిగింపవలెనో నిర్ణయించును. ఇందుకై కర్మాగారమువారు దానిలో వ్రాసియుంచిన సంఖ్యలను, పట్టికలను కాలిబ్రేషన్ అందురు. 1986, 1987 సంవత్సరముల ముస్టాంగులలో కంప్యూటర్ గాలిని నేరుగా కొలువదు. ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఇంజను వేగములను బట్టి లెక్కగట్టును. 1988లో కాలిఫోర్నియా కార్లకును, 1989 నుండి తక్కిన వానికిని గాలిని తూచు మీటరును అమర్చిరి.

ఈ మీటరు గల కార్లలో విరివిగా కనిపించు కంప్యూటర్లు ఏ9ఎల్, ఏ9పి. మొదటిది చేతితో గేరు మార్చు బండికి, రెండవది ఆటోమాటిక్ బండికి ఉద్దేశింపబడినవి. రెండును గంటకు 19 పౌన్ల పెట్రోలు చిమ్ము ఇంజెక్టర్లను లెక్కలో ఉంచుకొనినవే. 1993లో వచ్చిన కోబ్రా అను శక్తివంతమైన ముస్టాంగునకు ఎక్స్3జెడ్ కంప్యూటర్ కలదు. దాని ఇంజెక్టర్లు 24 పౌన్లవి. గాలి మీటరును వేరు.

కోబ్రా కంప్యూటర్‌ను, దాని గాలి మీటరును తెచ్చి, ఇంజెక్టర్లను మాత్రము మార్చక 19 పౌన్ల వానినే ఉంచినచో ఏమగును? 24 పౌన్ల లెక్కతో అది ఇంజెక్టరును తక్కువసేపు తెరచును. కావలసిన పెట్రోలులో సుమారు 79 శాతమే చేరును. నెమ్మదిగా పోవునపుడు ఆక్సిజన్ సెన్సరు ఈ లోపమును కొంతవరకు సవరింపవచ్చును. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కినపుడు మాత్రము కంప్యూటర్ ఆ సెన్సరును సంప్రదింపక పట్టికనే నమ్మును. ఇంజను అత్యధిక శ్రమకు లోనగు ఆ ఘడియలోనే పెట్రోలు చాలకపోవును.

దీనికి విపర్యయమైన పద్ధతియు కలదు. ఏ9ఎల్‌ను ఉంచి, 24 పౌన్ల ఇంజెక్టర్లు బిగించి, 100 పాళ్ల గాలిని 79 పాళ్లుగా చూపు మీటరును అమర్చుదురు. పెట్రోలు లెక్క సరిపోవును. కాని అదే గాలి కొలతను బట్టి కంప్యూటర్ ఇంజనుపై గల భారమును కూడ గణించును. భారము తక్కువని భ్రమించి స్పార్క్‌ను ఉండవలసినదానికన్న ముందుగా వెలిగించును. తత్ఫలితముగా నాకింగ్ పుట్టును. అది మితిమీరినచో పిస్టన్ పగులును. ఒక సరుకు లెక్క కుదురుటకై త్రాసును వంచిన వర్తకునకు, అదే త్రాసుపై తూచిన తక్కిన సరుకులన్నియు తప్పిపోవును గదా!

కావున రెండు కాలిబ్రేషన్లను పోల్చువారు ఒక వరుస పాటింపవలెను. మొదట ఇంజెక్టరు ప్రమాణమును, తరువాత గాలి మీటరు పట్టికను, పిమ్మట ఒకే వేగము, ఒకే భారము వద్ద స్పార్క్ పట్టికలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలెను. అంతకు ముందే ఇంజనులో మూల టైమింగ్ కర్మాగారము నిర్ణయించిన 10 డిగ్రీల వద్ద ఉన్నదో లేదో పరీక్షింపవలెను. మెకానిక్కు డిస్ట్రిబ్యూటరును త్రిప్పి 14 చేసియుండినచో, పట్టికలోని ప్రతి సంఖ్యకు 4 డిగ్రీలు కలిసిపోవును. అప్పుడు కాగితముపై చేసిన పోలిక ఇంజనునకు వర్తింపదు.

ఇంజెక్టర్లు మార్చినవారు మీటరుచే అబద్ధము చెప్పించుటకన్న, కంప్యూటర్ వెనుకనున్న కనెక్టరులో చిప్ అమర్చి, ఇంజెక్టరు సంఖ్యను, మీటరు పట్టికను రెండింటిని సరిదిద్దుట శ్రేయము.

విద్యార్థి మిత్రులారా! ఫలితము ఒకచోట సరిపోయినంత మాత్రమున లెక్క సరియైనదని భావింపరాదు. ఆ కొలత మరి యే లెక్కలలో ప్రవేశించుచున్నదో విచారించిన పిమ్మటనే పనిముట్టు చేతబట్టుదము.