హాట్ రాడ్ కార్లు - కాలానికి తగిన రూపం

పాత కారు నుండి మడ్‌గార్డుల వంటి బరువును తొలగించి, ఇంజను శక్తిని పెంచి, వేగానికి అనువుగా మలచిన వాహనాన్ని అమెరికాలో హాట్ రాడ్ అంటారు. రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వమే కాలిఫోర్నియా యువకులు మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మైదానాలలో ఇట్టి కార్ల వేగాన్ని పరీక్షించేవారు. 1932లో ఫోర్డు సంస్థ చౌకగా అందించిన వి-8 ఇంజను వారికి వరమయింది.

తరువాతి దశాబ్దాలలో ఇట్టి కార్లు కొన్నింటికి మెరిసే అల్యూమినియం చక్రాలు, డిజిటల్ మీటర్లు అమర్చారు. అట్టి కారుకు తిరిగి సంప్రదాయ రూపం కల్పించదలచినవారు ముందుగా ఒక సంవత్సరాన్ని నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు 1948 అనుకొంటే, నాటికి లభించిన తరహా భాగాలనే ఎన్నుకోవాలి: ఉక్కు చక్రాలు, ముళ్లు తిరిగే మీటర్లు, ఫ్లాట్‌హెడ్ వి-8 ఇంజను, దానిపై స్ట్రామ్‌బర్గ్ కార్బ్యురేటర్లు. ఒక్క భాగం కాలం తప్పినా రూపమంతా చెడుతుంది.

అయితే ప్రాచీనతపై మోజు ప్రాణాపాయానికి దారితీయరాదు. 1932 నాటి ఫోర్డు కారుకు ఉన్నవి కడ్డీలతో పనిచేసే బ్రేకులు. 1939లో ఆ సంస్థ తన కార్లలో హైడ్రాలిక్ బ్రేకులు ప్రవేశపెట్టగా, నాటి యువకులే వాటిని తమ పాత కార్లకు బిగించుకొన్నారు. కనుక 1948 రూపానికి అవి తగినవే. భద్రత కూడా చేకూరుతుంది. సీటు బెల్టు నాటి అలవాటు కాకపోయినా నేడు విడువరాదు.

పూర్వుల రూపంతో పాటు వారి వివేకాన్ని కూడా గ్రహించినప్పుడే సంప్రదాయం నిలుస్తుంది.