మెదడులో వాపు

జర్మనీ దేశంలో ఫ్రాంక్‌ఫర్ట్ అనే నగరం ఉంది. 1901లో అక్కడి ఆసుపత్రికి ఒకామెను తీసుకొచ్చారు. ఆమె పేరు ఔగుస్తె. వయసు 51 ఏళ్లు. రాయడం వచ్చిన మనిషే. డాక్టరు ఆమెను పేరు రాయమన్నాడు. ఒక్క మాట రాసి ఆగిపోయింది. మిగతాది మరిచిపోయింది.

ఆ డాక్టరు పేరు ఆల్జీమర్. 1906లో ఔగుస్తె చనిపోయింది. ఆమె మెదడును ఆయన సూక్ష్మదర్శినితో చూశాడు. మెదడు కుంచించుకుపోయి ఉంది. కణాల మధ్య చెత్తలాంటి పదార్థం గడ్డకట్టి ఉంది. తరవాత ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. అదే ఆల్జీమర్స్ జబ్బు.

ఈ జబ్బులో వాపు పాత్ర కూడా ఉంది. అదెలాగో చూద్దాం.

కాలిలో ముల్లు విరిగిందనుకోండి. అక్కడ ఎర్రబడుతుంది. వాస్తుంది. ఒంట్లోని కాపలా కణాలు అక్కడికి చేరాయన్నమాట. అవి క్రిములతో పోరాడతాయి. ముల్లు తీస్తే పుండు మానుతుంది. వాపు తగ్గుతుంది.

మెదడులోనూ కాపలా కణాలు ఉన్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. చెత్తను తినేయడం వాటి పని. కానీ ఈ జబ్బులో చెత్త ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఎంత తిన్నా తరగదు. అందుకే వాపు తగ్గదు. కాపలా కణాలు ఘాటైన రసాయనాలు వదులుతూనే ఉంటాయి. వాటివల్ల మంచి కణాలూ చస్తాయి. కంచే చేను మేసినట్టు అవుతుంది.

ఈ వాపు బయటికి కనబడదు. జబ్బుకు ఇదొక్కటే కారణం కాదు. కానీ జబ్బు ముదరడానికి ఇదీ ఒక కారణం. కాపలా కణాల్లో పుట్టుకతో ఒక లోపం ఉన్నవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2013లో తేలింది.

మరి వాపు తగ్గించే నొప్పి మాత్రలు వేసుకుంటే సరిపోతుందా? డాక్టర్లు పరీక్షించి చూశారు. జబ్బు ఆగలేదు. ఆ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు పడతాయి. కాబట్టి సొంతంగా కొని వాడకూడదు.

ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. రక్తపోటు, షుగరు అదుపులో ఉంచుకోవాలి. బీడీ, సిగరెట్టు మానాలి. రోజూ నడవాలి. చెవుడు వస్తే డాక్టరుకు చూపించాలి. చదవడం, నలుగురితో మాట్లాడడం మానకూడదు.

ఇప్పుడే అన్నం తిన్న అవ్వ "నాకు అన్నం పెట్టలేదు" అంటే కసురుకోకండి. అది చాదస్తం కాకపోవచ్చు. జబ్బు కావచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జవాబులు చెప్పండి:
1. మెదడులో కాపలా కణాల పని ఏమిటి?
2. అవి మంచి కణాలకు ఎందుకు హాని చేస్తాయి?
3. మీ ఇంట్లో పెద్దవాళ్లు రక్తపోటు చూపించుకుని ఎన్నాళ్లయింది?