చిన్న మాట - మానని గాయం



ఈ వారం మన పాఠాన్ని ఒక టీ గ్లాసుతో మొదలుపెడదాం. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పెద్దవాళ్లకు రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరివాళ్లకు ఒక గ్లాసు. దళితవాడ నుండి వచ్చినవాళ్లకు చూరులోనో, గోడ గూటిలోనో విడిగా పెట్టిన ఇంకొక గ్లాసు. తాగినవాడే దాన్ని కడిగి, తీసినచోటే పెట్టి పోవాలి. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో ఒక చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. అయినా మన రాష్ట్రంలో అంటరానితనంపై విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్, 2001 నాటికి కూడా ఈ ఆచారాలు పూర్తిగా పోలేదని చెప్పింది.

"ఈ రోజుల్లో అవన్నీ ఎక్కడున్నాయండీ?" అని మనలో చాలామంది అంటారు. గ్లాసు పోయి ఉండవచ్చు. ఆ గ్లాసును విడిగా పెట్టిన మనసు పోయిందా? ఈ వారం మనం ఆలోచించవలసింది దీని గురించే.

చిన్న గాయాలంటే ఏవి?

తిరుపతిలో చదువుకోవడానికి పల్లె నుండి వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. తండ్రితో కలిసి అద్దె గది కోసం వెదుకుతోంది. ఇంటావిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. "ఏ ఊరు? ఇంటిపేరేమిటి? ఊళ్లో ఏ వీధి? రోజూ ఏం వండుకుంటారు?" అని అడిగింది. నాలుగో ప్రశ్నకు జవాబు పూర్తి కాకముందే, "గది మా బంధువులకు ఇస్తామని చెప్పేశాం, మరచిపోయాను" అన్నది. ఆమె ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. పోలీసులకు చెప్పడానికి ఏమీ లేదు. కాని తండ్రి, కూతురు మెట్లు దిగుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

ఇలాంటివి రోజూ జరుగుతూనే ఉంటాయి. ఊరి పిల్లవాడు అరవై ఏళ్ల పెద్దాయనను "ఏరా" అని పిలుస్తాడు. కళాశాలలో "నీకేం, రిజర్వేషన్ ఉంది" అంటారు. "నువ్వు ఆ కులంలా కనపడవే!" అన్నది మెచ్చుకోలు అనుకునేవారు ఉన్నారు. అందరికీ స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, ఒకరికి మాత్రం వాడి పారేసే కప్పులో ఇస్తారు.

1970లో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ ఇటువంటి వాటికి 'మైక్రో అగ్రెషన్' అని పేరు పెట్టారు. సూక్ష్మమైన దాడి అని అర్థం. 2007లో డెరాల్డ్ వింగ్ సూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు వీటిని మూడు రకాలుగా విభజించారు. తెలిసి తెలిసి చేసే అవమానం మొదటిది. తనకే తెలియకుండా మాటలో దొర్లే చిన్నచూపు రెండవది. "అదేం లేదు, నువ్వే ఎక్కువగా ఊహించుకుంటున్నావు" అని ఎదుటివాని బాధనే కొట్టిపారేయడం మూడవది.

మనసులో ఏమి జరుగుతుంది?

మొదట పుట్టేది సందేహం. బూతు తిట్టు తిడితే అది అవమానమని వెంటనే తెలుస్తుంది. కాని "గది ఇచ్చేశాం" అన్న మాటను ఏమనుకోవాలి? నిజమేనా? నా కులం వల్లేనా? నేనే తప్పుగా అనుకుంటున్నానా? ఆ రాత్రంతా మనసు దాన్నే నెమరువేస్తుంది. అన్నవారు మరుక్షణమే మరచిపోతారు. పడినవారికి నిద్ర పట్టదు.

రెండవది ఎడతెగని జాగ్రత్త. తరువాతి దెబ్బ ఎటునుండి వస్తుందోనని మనసు ఎప్పుడూ కాపలా కాస్తుంది. కాపలా కాసే మనసుకు విశ్రాంతి ఉండదు. ఆందోళన, ఒంటరితనం, దిగులు పెరుగుతాయి. ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే రక్తపోటు, నిద్రలేమి వంటి బాధలు శరీరాన్ని కూడా పట్టుకుంటాయి.

మూడవది అన్నింటికంటె ప్రమాదం. ఇతరులు మన గురించి అనుకునేదాన్ని మనమే నమ్మడం మొదలుపెడతాం. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాలలో 6, 7 తరగతుల బాలురకు కాగితం మీద దారి కనిపెట్టే చిక్కుముడులు ఇచ్చి పరీక్షించారు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు దళిత బాలురు అగ్రకులాల బాలురతో దాదాపు సమానంగా చేశారు. అందరి ముందు పేరు, కులం చదివి వినిపించాక దళిత బాలుర ఫలితాలు పడిపోయాయి. అవే తెలివితేటలు, అవే చిక్కుముడులు. మధ్యలో వచ్చిందల్లా ఒక్క మాట. 2006లో ఈ పరిశోధన ఫలితాలు ప్రచురితమయ్యాయి. తరగతిలో "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని అనే ఉపాధ్యాయులు ఒకసారి దీన్ని తలచుకోవాలి.

ఈ గాయం ఎంతకాలం ఉంటుందో డాక్టర్ అంబేద్కర్ జీవితమే చెబుతుంది. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోవడం, ప్యూను వచ్చి నీళ్లు పోస్తే తప్ప దాహం తీరకపోవడం ఆయన చిన్ననాటి అనుభవాలు. విదేశాలలో పెద్ద చదువులు చదివి వచ్చిన తరువాత, 1930ల నడుమ, నలభై ఏళ్లు దాటిన వయసులో కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా వ్రాసుకున్నారు. చదువు, పదవి వచ్చినా ఆ జ్ఞాపకం చెరగలేదు.

"ప్రతి చిన్న మాటకూ నొచ్చుకుంటే ఎలా?" అని అడిగేవారున్నారు. పల్లేరుగాయ ఒకటి గుచ్చుకుంటే తీసి పారేసి నడుస్తాం. దారంతా పల్లేరుగాయలే అయితే, రోజూ చెప్పులు లేకుండా ఆ దారినే నడవవలసి వస్తే? మాట ఎంత చిన్నదో అన్నవారు చూస్తారు. అది ఎన్నోసారో విన్నవారికే తెలుసు.

మన దేవాలయం సంగతి

ఇతరులను వేలెత్తి చూపేముందు మన ఇల్లు చూసుకుందాం. 18వ శతాబ్దపు ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు తెలుగునేలపై వేదబోధ చేసిన తొలి కేంద్రాలలో మన పుంగనూరు ఒకటి. ఆ కాలంలో దక్షిణాన అగ్రకులాలకు కోపం వస్తుందన్న భయంతో, జబ్బుపడిన దళిత విశ్వాసుల ఇళ్లలోకి వెళ్లి దివ్యసంస్కారాలు ఇవ్వడానికి కొందరు గురువులు వెనుకాడారు. 1704లో పాపుగారి ప్రతినిధి తూర్నోన్ పుదుచ్చేరిలో దీన్ని తప్పుపట్టారు. 1744లో పదునాలుగవ బెనెడిక్ట్ పాపుగారు మళ్లీ గట్టిగా ఆదేశించవలసి వచ్చింది. అంటే ఇది మూడు వందల ఏళ్ల నాటి జబ్బు.

2003లో రెండవ జాన్ పౌల్ పాపుగారు తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ కులవివక్షను ఖండించారు. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధానపత్రం వెలువరించి, శ్రీసభలోనే వివక్ష ఉన్నదని దాచకుండా ఒప్పుకున్నది. కర్నూలు పీఠాధిపతిగా పనిచేసిన పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళితులలో నుండి ఆ స్థానానికి చేరిన మొదటివారు ఆయనే. సంతోషించవలసిన విషయమే. కాని ఆయన ఫోటో గోడకు తగిలించి, కింద బల్లల మీద ఎప్పటిలాగే విడివిడిగా కూర్చుంటే ఏమి లాభం? ధనవంతునికి మంచి చోటు చూపి, పేదవాణ్ణి కాళ్లదగ్గర కూర్చోమన్నవారిని పునీత యాకోబు తన లేఖ 2వ అధ్యాయంలో ఎంత నిలదీశారో ఇంటిలో చదువుకోండి.

మన దళిత విశ్వాసులకు రెండువైపులా దెబ్బ తగులుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవులకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. ఆఫీసులో "మతం మారారుగా, ఇంకా కులమేమిటి?" అంటారు. ఊరికి వస్తే పాత పేరుతోనే పిలుస్తారు.

మనం చేయగలిగినవి

1. వయసుకు మర్యాద ఇద్దాం. పాలేరు అయినా, పారిశుద్ధ్య కార్మికుడు అయినా పెద్దవారిని 'అన్నా', 'పెద్దాయనా', 'అమ్మా' అని పిలవడం పిల్లలకు నేర్పుదాం.

2. ఇంట్లో అందరికీ ఒకే రకం గ్లాసు, ఒకే రకం కంచం వాడదాం.

3. ఎవరైనా "నాకు బాధ కలిగింది" అంటే వెంటనే వాదనకు దిగవద్దు. ముందు విందాం. మనమే అన్నామని తెలిస్తే "తప్పయింది" అందాం. 'కాని' అనే మాట చేర్చవద్దు.

4. మన ఎదుట ఇంకొకరు నోరు జారితే ఊరకుండవద్దు. పడినవారే ప్రతిసారీ ఎదురు చెప్పవలసి రావడం రెండవ శిక్ష.

5. గాయపడిన పిల్లలున్న తల్లిదండ్రులారా, "పోనీలే, పట్టించుకోకు" అని మాట మూసివేయకండి. "తప్పు నీలో లేదమ్మా, అన్నవాళ్లలో ఉంది" అని స్పష్టంగా చెప్పండి. బిడ్డ బడికి వెళ్లనంటున్నా, అన్నం మానేసినా, ఊరిపేరు దాచుకుంటున్నా దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. అవసరమైతే మానసిక వైద్యుణ్ణి సంప్రదించడానికి సిగ్గుపడకండి.

ఆలోచించి మాట్లాడుకోండి

ఈ వారం రాత్రి ప్రార్థన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను మరచిపోయినా, విన్నవారు మరచిపోలేని మాట ఏదైనా అన్నానా? మన విచారణలో పూజకు వచ్చినప్పుడు నా పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు కూర్చోరు? మన ఇంటికి పనికి వచ్చేవారు ఏ గ్లాసులో నీళ్లు తాగుతున్నారు?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒకసారి వంటింట్లోకి వెళ్లి చూసి రండి.