మరుగున పడిన యాత్ర

ఒక రచయిత పేరు వినగానే ఆయన గ్రంథములలో ఏదో ఒకటి మాత్రమే జ్ఞప్తికి వచ్చుట కలదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848–1919) నవలాకారులనగానే అందరును ‘రాజశేఖర చరిత్రము’నే పేర్కొందురు. వారి మరియొక నవలయైన ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ను చదివినవారు తక్కువ.

రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రకటితమై, 1880లో పుస్తకముగా వెలువడెను. ఆంగ్ల రచయిత గోల్డ్‌స్మిత్ నవల దీనికి ప్రేరణ. ధవళేశ్వరమున నివసించు రాజశేఖరుడు సంపన్నుడు, సౌమ్యుడు. కాని ముఖస్తుతికి లొంగువాడు. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి మోసపోయి, కుటుంబముతో పెక్కు కష్టములపాలై, తుదకు సుఖపడును. మన ఇండ్లు, మన పండుగలు, మన మూఢవిశ్వాసములు ఇందు కన్నులకు కట్టినట్లుండును. అందుచేతనే ఈ నవలకు గొప్ప ఆదరణ లభించినది.

1890లలో వెలువడిన సత్యరాజా పూర్వదేశ యాత్రల తీరు వేరు. 1726లో స్విఫ్ట్ రచించిన గలివర్ యాత్రలు దీనికి మార్గదర్శకము. సత్యరాజు మొదట చేరిన ఆడుమళయాళమున అధికారమంతయు స్త్రీలది. పురుషులు వారి ఆజ్ఞకు లోబడి మెలగవలయును. పత్నీవ్రత్యమే వారికి పరమధర్మము. పిమ్మట సత్యరాజు లంకలోని మహాకాయుల నడుమ అల్పప్రాణియై నిలుచును.

ఈ వింతలు చదివి పాఠకుడు మొదట నవ్వును. ‘పురుషులకు ఇంత అన్యాయమా!’ అని వెంటనే నొచ్చుకొనును. ఆ అన్యాయమే తన ఇంటిలో స్త్రీలకు జరుగుచున్నదని అంతలో తోచి, అతని నవ్వు ఆగిపోవును. 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించి, ఎన్నో నిందలు సహించిన పంతులుగారు, ఉపన్యాసములతో కదలని మనస్సులను హాస్యముతో కదలింప బూనిరి.

ఈ నవలలో లోపములు లేకపోలేదు. రాజశేఖర చరిత్రమునందువలె ఒక కుటుంబపు కష్టసుఖములు కథను నడిపింపవు. కల్పిత దేశములలోని మనుష్యులు మనకు ఆత్మీయులు కారు. ఇది ఆంగ్ల గ్రంథమునకు అనుకరణమని కొందరు తేలికగా చూచుటయు కలదు. కాని రాజశేఖర చరిత్రమునకును ఆంగ్ల నవలయే ప్రేరణ గదా! ఆ కారణమున ఒకదానిని మెచ్చి, రెండవదానిని త్రోసివేయుట న్యాయము కాదు.

రాజశేఖరుని తప్పులు చూచి, ‘నేనంత అమాయకుడను కాను’ అని పాఠకుడు తప్పించుకొనవచ్చును. సత్యరాజుని యాత్రలో అట్టి వీలు లేదు. స్త్రీపురుషుల స్థానములు తారుమారు కాగానే, ఆచారమని తాను సమర్థించినది అన్యాయమని అతడే తీర్పు చెప్పవలసి వచ్చును. విద్యార్థులు ఈ రెండు నవలలను చదివి, ఏది తమను ఎక్కువగా ఆలోచింపజేసినదో స్వయముగా నిర్ణయించుకొందురు గాక.